దేవుడు కిందున్నప్పుడు కొండెక్కాం

మా అత్త ఏదైనా అడగదలచుకుంటే నేరుగా అడగదు. పక్కన చేరి చేతికొక పని అందుకుంటుంది. ఆ సాయంత్రం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుంది. సగం కాయలు తన ఒడిలో పోసుకుని, రెండు మూడు తుంచాక అసలు మాట మొదలుపెట్టింది.

"అమ్మీ, ఆదివారం నీకు కాలేజీ ల్యా గదా?"

"ఆదివారం ఏ కాలేజీ ఉంటాదత్తా?"

"కారు గూడా ఉత్తగనే నిలబడుకోని ఉంటాది గదా?"

వ్యవహారం కారు దాకా వచ్చిందంటే దూరమే అనుకున్నాను. "యాడికి పోవల్లత్తా?"

"కొండకు."

మా ఇంట్లో కొండ అంటే ఒకటే కొండ. కడప నుంచి వేంపల్లె దాటాక, కొండల వరుసలో ఒక మూలకు ఒదిగి ఉంటుంది. పైన శివుడి గుడి. శివరాత్రికి జాతర. జాతరప్పుడు ఆ కొండ మీద రాయి కనపడదు, మనుషులే కనపడతారు. ట్రాక్టర్లు, గాజులంగళ్లు, చెరుకురసం బండ్లు, చెవులు చిల్లులు పడేలా మైకులు. జాతర అయిపోతే మళ్ళీ శివరాత్రి దాకా అటు తొంగిచూసే నాథుడు ఉండడు. మేం మాట్లాడుకుంటున్నదేమో భాద్రపదంలో. వీధి చివర వినాయకుణ్ణి నీళ్లలో కలిపి వారం కూడా కాలేదు.

"ఈ కాలంలో ఆడ ఏముంటాదత్తా?"

"ఏమీ ఉండదు. అందుకే పోదామంటాండా." చిక్కుడుకాయ ఈనెను ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క లాగుడు లాగింది. "పెండ్లయిన కాడ్నించీ శివరాత్రి శివరాత్రికీ పోయినా. ఏం జూసినా? ముందరున్నోళ్ల వీపులు జూసినా. ఎనకోళ్లు తోస్తాంటారు, ముందరోళ్లు కదలరు. ఆ కొండ ఎట్లుంటాదో నాకు తెల్దమ్మీ. ఒక్కసారి ఖాళీగా ఉన్నప్పుడు చూడల్ల."

అత్తది జమ్మలమడుగు వైపు నేతపని చేసే కుటుంబం. పుట్టింట్లోనూ మగ్గమే, మెట్టినింట్లోనూ మగ్గమే. మామ పోయాక మగ్గం విప్పేసి కడపలో మా దగ్గరికి వచ్చేసింది. అరవై దాటి చాలాకాలమైనా కూర్చున్న చోట కూర్చోదు. నేను కాలేజీలో కామర్సు పాఠాలు చెబుతాను. పుట్టింది కర్నూల్లో.

పేపరు చాటు నుంచి మా ఆయన తల బయటపెట్టాడు. "ఈ కాలంలో కొండకు ఎవురు పోతారుమా? ఎలుగొడ్లుంటాయి."

"ఎలుగొడ్డుకు మనతో ఏం పని రా? దాని పని దానికుంటాది," అంది అత్త.

ఆదివారం ఆయనకు ప్రొద్దుటూరులో స్నేహితుడి గృహప్రవేశం ఉంది. రాలేడు. అందుకని నావైపు తిరిగాడు. "ఘాటు రోడ్డు శానా సన్నం. ఎదురు బండొస్తే ఎనక్కి తీస్తావా నువ్వు?"

"ఈ కాలంలో ఎవురూ పోరని నువ్వే అంటివి గదా. ఇంగ ఎదురెవురొస్తారు?"

ఆయన మళ్ళీ పేపరు చాటుకు వెళ్ళిపోయాడు. కానీ పోటు తగలాల్సిన చోటే తగిలింది. నేను కారు నేర్చుకున్నది నలభై దాటాక. ముందుకు నడపడం బాగానే వచ్చింది. వెనక్కి తీయడం మాత్రం ఈనాటికీ ఒంటపట్టలేదు. కాలేజీలో కారు పెట్టేటప్పుడు, సాయంత్రం నేరుగా బయటికి పోగలిగే చోటు ఎక్కడుందా అని రెండు చుట్లు తిరిగి మరీ పెడతాను.

ఆదివారం తెల్లవారకముందే అత్త సద్ది కట్టేసింది. ఒక డబ్బాలో బొరుగుల ఉగ్గాని, ఒక డబ్బాలో పెరుగన్నం, ఒక పొట్లంలో వేరుశనగలు వేయించి దంచిన చెనిక్కాయల పొడి. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, "పా," అంది. నా డ్రైవింగుకు భయపడని మనిషి ఇంట్లో అత్త ఒక్కతే. మా ఆయన పక్కన కూర్చుంటే లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉంటాడు. అత్త కిటికీ అద్దం దించి, గాలికి ముఖం పెట్టి, దారిలో కనిపించిన ప్రతిదాని మీదా అభిప్రాయం చెబుతుంది. ఈ ఊళ్లో కొత్త ఇండ్లు లేచినాయి, ఆ చేన్లో చెనిక్కాయ బాగా పట్టింది, ఆ లారీవాడు నిద్రపోతున్నాడు, హారను కొట్టు.

వేంపల్లెలో టీ తాగాం. అక్కడి నుంచి దారి మేం చీనీ అనే బత్తాయిల తోటల మధ్యకు తిరిగింది. ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. మరికొంత దూరం పోయాక కొండ కింది పల్లె వచ్చింది. జాతరప్పుడు బండ్లు నిలిపే మైదానంలో ఒక గేదె ఒంటరిగా మేస్తోంది. అంగడి ముందు కారు ఆపి నీళ్ల సీసాలు అడిగాను.

అంగడామె మమ్మల్ని ఎగాదిగా చూసింది. "యాడికి పోతాండారు?"

"కొండకు," అంది అత్త.

"ఏ కొండకు?"

"ఈ కొండకే."

ఆమె వెనక్కి తిరిగి, ఆ కొండ రాత్రికి రాత్రి మొలిచినట్టు ఒకసారి చూసింది. "దేవుడు ఇప్పుడు ఆడ లేడమ్మా. కిందనే ఉండాడు."

సంగతేమిటంటే, జాతర కాగానే ఉత్సవ విగ్రహాన్ని పల్లకీలో కిందికి తెచ్చి ఊళ్లోని రామాలయంలో పెడతారట. పైన రాతిలింగం ఒక్కటే ఉంటుంది, గుడికి తాళం వేసి. పూజారి సోమవారాలు మాత్రం ఎక్కి దీపం పెట్టి దిగివస్తాడు.

"పూజారి గూడా కిందే, కోతులు గూడా కిందే," అంది ఆమె అంగడి కప్పు వైపు చూపిస్తూ. నిజంగానే రేకుల మీద ఒక కోతుల కుటుంబం కూర్చుని మా కారు వైపే చూస్తోంది. పైన పెట్టేవాళ్ళు లేకపోతే అవి మాత్రం ఎందుకుంటాయి?

"మంచిదేలేమ్మా. మేం దేవుని కోసరం గాదు, కొండ చూసేదానికొచ్చినాం," అంది అత్త.

"కొండ ఈడికి గూడా కనపడ్తానే ఉండాది గదా!" అని నవ్వింది ఆమె. నవ్వుతూనే రామాలయం తలుపు తీయించింది. లోపల సీతారామలక్ష్మణుల పక్కన, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కొంచెం ఒదిగి నిలబడి ఉన్నాడు మా కొండదేవుడు. అత్త దండం పెట్టి, గట్టిగానే చెప్పింది. "స్వామీ, నువ్వు ఈడుండు. మేం పోయి నీ ఇల్లు చూసొస్తాం."

ఘాటు రోడ్డు కొండ నడుము దాకా సిమెంటుతో వేసి ఉంది. జాతర లేని నెలల్లో దాన్ని గడ్డి తిరిగి తీసుకుంటున్నట్టుంది. పగుళ్లన్నింట్లోంచీ పచ్చగా లేచింది. ఒక్క బండీ ఎదురు రాలేదు. రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే నాకు మెల్లగా ధైర్యం వచ్చింది. అంతలోనే ఒక మలుపు తిరిగాను. రోడ్డు మధ్యలో మా కారంత బండరాయి కూర్చుని ఉంది. వానకు పైనుంచి దొర్లి వచ్చినట్టుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. కారు తిప్పే చోటు లేదు. కాస్త కిందుగా, మలుపుకు ముందు, బండి పెట్టుకునేంత వెడల్పు స్థలం దాటి వచ్చాం. అంటే అక్కడిదాకా వెనక్కి పోవాలి.

"భయపడొద్దు, నేను చెప్తా," అని అత్త దిగింది. కొంగు నడుముకు చెక్కి, కారు వెనక నిలబడి, రెండు చేతులూ ఊపడం మొదలుపెట్టింది. "రా... రా... ఇంగ రా... అట్లనే రా... రా..."

నేను వచ్చాను. ఇంకా వచ్చాను. దబ్బుమని చప్పుడై కారు ఒక పక్కకు ఒరిగింది. వెనక చక్రం కొండవైపు కాలువలో దిగిపోయింది.

"నువ్వు రా రా అంటివి గదత్తా!" అని దిగి అరిచాను.

"రమ్మన్యా. కాలవలేకి రమ్మన్యానా?"

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఇద్దరం ఆ ఒరిగిన కారు పక్కన నిలబడి కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక చూస్తే కారు అక్కడే, అలాగే ఉంది. ఫోను తీస్తే సిగ్నలు లేదు. కింది పల్లెకు నడవడం తప్ప దారి లేదనుకుంటుండగా మోటారుసైకిలు చప్పుడు వినపడింది.

ముప్పై అయిదేళ్లుంటాయేమో అతనికి. వీపుకు అడ్డంగా గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట ఒకటి కట్టుకుని ఉన్నాడు. బండి ఆపి, మమ్మల్ని చూసి, చక్రాన్ని చూసి, ఏమీ అడగకుండా చుట్టుపక్కల పలకరాళ్లు ఏరుకొచ్చాడు. చక్రం కింద దూర్చి, "అక్కా, నువ్వు ఎక్కి నిమ్మళంగా ముందుకు తీయి. నేను తోస్తా," అన్నాడు.

"నేను గూడా తోస్తా," అంది అత్త.

"వద్దులే పెద్దమ్మా."

"ఏం వద్దు? ఈ కాళ్లు మగ్గం తొక్కిన కాళ్లప్పా."

మూడోసారికి కారు ఎగిరి రోడ్డు మీద పడింది. ఈసారి అతనే చెయ్యి చూపుతూ నన్ను వెడల్పు స్థలంలోకి చేర్చాడు. దిగి చూస్తే అతని చొక్కా నిండా బురద. నొచ్చుకుంటూ ఏదో అనబోయాను.

"ఫర్వాలేదక్కా. నేను వారమంతా మట్టిలోనే గదా ఉండేది. తుమ్మలపల్లె యురేనియం గనిలో లోపల పని."

"లోపలంటే? భూమి లోపలనా?" అత్త కళ్లు పెద్దవయ్యాయి.

"ఔ పెద్దమ్మా. ఏటవాలుగా దిగిపోతాం."

"చీకటి గాదా?"

"లైట్లుంటాయి. గాలి గూడా పైనించి పంపిస్తారు."

"ఓయమ్మ! కాళ్లు దించుకోని కూచునే మా మగ్గం గుంతనే నేను లోతనుకుంటి." అత్త నడుముకు చెక్కిన కొంగు తీసుకుంది. "మరి ఈ పొద్దు కొండకేంటికొస్తివప్పా? దేవుడు గూడా కిందనే ఉండాడే."

అతను మూటను సర్దుకున్నాడు. "ఊరికే పెద్దమ్మా. గాలికి," అని, దారి ఇదొక్కటే కాబట్టి తప్పిపోయే భయం లేదని చెప్పి, బండి అక్కడే పెట్టి, మాకంటే ముందు గబగబా ఎక్కిపోయాడు.

అతను కనుమరుగయ్యాక అత్త గొంతు తగ్గించింది. "ఆ మూటలో ఏముంటాదంటావు?"

మా కొండల్లో పొడుగాటి మూట అనగానే ఎవరికైనా వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. "ఎర్రచందనం దుంగేమో అత్తా."

"దుంగైతే కొండమీంచి కిందికి తీసకపోతారు గానీ, కిందనించి పైకి మోసకపోతాడా అమ్మీ? నీకెట్లిచ్చినారు ఉద్యోగం?"

సిమెంటు రోడ్డు అయిపోయాక రాతిమెట్లు, మెట్లు అయిపోయిన చోట ఉత్త బండలు. రెండు వైపులా తంగేడు విరగబూసి ఉంది. మేం అడుగు వేస్తుంటే పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా లేచి, దాటగానే మళ్ళీ వాలాయి. ఒకచోట నీళ్ల చప్పుడు వినిపించింది. మెట్ల పక్కనే సన్నని వంక, బండల మీదుగా జారిపోతూ.

"ఈడ వంక ఉండాదా!" అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇది చెరుకురసమోల్లు బండ్లు పెట్టే చోటమ్మీ! ఇన్నేండ్లూ నేను వంక మీద నిలబడి చెరుకురసం తాగినానా?"

చెప్పులు విడిచి నీళ్లలో దిగింది. ఒడ్డు మట్టిలో గాజుపెంకులు, ఎరుపూ ఆకుపచ్చా, తడికి మెరుస్తున్నాయి. జాతర మిగిల్చిపోయినవి. నేను ఆయాసం తీర్చుకోవడానికి ఒక బండ మీద కూలబడ్డాను. అత్తకు చెమట పట్టింది తప్ప ఊపిరి కూడా మారలేదు.

"మీ మామ ఎప్పుడూ నాకంటే ముందరనే ఎక్కేటోడు," అంది నీళ్లలో నిలబడే. "తిరిగి చూసేటోడు గాదు. నేను ఆయప్ప తెల్లచొక్కా చూసుకుంటా ఎనకంబడి పోయేదాన్ని. ఒగసారి అట్లనే గుడి దాకా పోయినా. ఆడికి పోయినాంక తిరిగి చూసె చూడు, ఎవురో మీసాలాయన!"

"అయ్యో! మరి మామ?"

"ఈ వంక కాడనే ఉండాడు, చెరుకురసం తాగుకుంటా. నేను దిగొచ్చి కొట్లాటకు పోతే ఏమన్యాడో తెల్సా? నువ్వెక్కుతాంటే చూసినా, శానా బిన్నా, గబగబా ఎక్కుతాండావులే, నిలిపేది ఏంటికని ఊరకుంటి, అన్యాడు."

ఆ మాట చెప్పి అత్త ఒక్కతే చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమటో, చిమ్మిన నీళ్లో, మరొకటో నేను చూడలేదు. "పా, ఎండ ముదురుతాండాది," అని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

చివరి మలుపు దగ్గర గాలి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. కింద ఆకు కదలని చోట బయల్దేరిన మాకు అది ఏదో గది తలుపు తెరుచుకున్నట్టు అనిపించింది. గుడి కనిపించింది. చిన్నది, సున్నం కొట్టినది, ఒంటరిది. దాని వెనక నుంచి పటపటమని చప్పుడు. ఆగి ఆగి వస్తోంది.

నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. "ఎలుగొడ్డేమో."

"ఎలుగొడ్డు పటపటమంటాదా?" అంటూ అత్త నన్ను ఈడ్చుకుంటూ గుడి వెనక్కి నడిచింది.

అక్కడ బండ అంచున, మాకు వీపు పెట్టి, మా గని మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో దారం చుట్టిన చరకా. తల పైకెత్తి చూస్తే ఆకాశంలో గాలిపటం. ఎర్రకాగితం, నల్లని తోక.

మా అలికిడి విని ఉలిక్కిపడి తిరిగాడు. చెయ్యి సడలి గాలిపటం తలకిందులుగా దిగబోతే మళ్ళీ గబుక్కున లాగి నిలబెట్టాడు. నల్లని ముఖం కూడా ఎర్రబడుతుందని ఆ రోజు చూశాను.

"మీరు ఇంత బిన్నా వస్తారనుకోలే," అన్నాడు.

"అయితే మూటలో ఉండేది ఇదా!" అంది అత్త.

మెల్లమెల్లగా చెప్పాడు. అతనిది డోన్. నాన్నది రైల్వేలో పని. స్టేషను వెనక మైదానంలో సాయిబుల పిల్లలతో కలిసి పతంగులు ఎగరేస్తూ పెరిగాడు. ఇప్పుడు ఉన్న ఊళ్లో ఎగరేస్తే అందరూ విచిత్రంగా చూస్తారు. "మీసాలొచ్చినోడు పతంగి ఎగరేస్తాంటే ఎట్లుంటాదక్కా? నా కూతురే నవ్వుతాది. అందుకే సెలవు దొరికితే ఈడికొస్తా. శివరాత్రికి మాత్రం రాను."

"ఒక్కనికే బాగుంటాదా?" అని అడిగాను.

అతను దారం ఇంకొంచెం వదిలాడు. "లోపల గాలి ఎప్పుడూ ఒగే మాదిరి వస్తాదక్కా, ఒగే పక్కనించి. ఈడ అట్ల గాదు. ఎప్పుడు యాడ్నించి వస్తాదో తెల్దు. అది బాగుంటాది."

అత్త అతని మాటలు వినడం లేదు. దారాన్ని చూస్తోంది. దగ్గరికి పోయి రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపింది. "పురి సాల్దప్పా దీనికి. తెగుతాది."

అత్త నోట్లో మాట నోట్లోనే ఉండగా పెద్ద గాలి వచ్చింది. దారం టంగుమని తెగింది. గాలిపటం ఒక్క క్షణం ఏమీ తెలియనట్టు అక్కడే నిలబడి, తర్వాత ఊగుకుంటూ పోయి కింది వాలులో ఒక సీతాఫలం చెట్టు మీద పడింది. అతను బండల మీదుగా దూకుకుంటూ దిగాడు. తిరిగి వచ్చేసరికి గాలిపటంతో పాటు చొక్కా ఒడిలో నాలుగైదు సీతాఫలాలు కూడా ఉన్నాయి. చెట్టు మీదే మాగి మెత్తబడినవి.

అత్త చెయ్యి చాపింది. తెగిన రెండు కొసలూ తీసుకుని, వేళ్ల సందున ఒకసారి మెలిపెట్టి, పక్కకు లాగింది. అంతే. ముడి పడింది. ముడి ఉందని చూపిస్తే తప్ప కనపడనంత చిన్నది. అతను లాగి చూశాడు. ఊడలేదు.

"ఇంగొకసారి ఎయ్యి పెద్దమ్మా, చూస్తా."

"పోగు తెగితే వేసేది ఇది. దినానికి ఎన్నిసార్లు తెగేదో. కండ్లు మూసుకోని వేస్తా." నిజంగానే కళ్లు మూసుకుని ఇంకొకటి వేసి చూపించింది. చిన్నపిల్ల గొప్పలు పోయినట్టు నావైపు ఒక చూపు చూసింది.

గాలిపటం మళ్ళీ పైకి లేచింది. అది బాగా ఎత్తుకు పోయి నిలదొక్కుకున్నాక అతను చరకా అత్తకు అందించాడు. "పట్టుకో పెద్దమ్మా."

"నేనా? నాకు రాదప్పా!"

"దారం నీకు రాకపోతే ఎవురికొస్తాది?"

అత్త పట్టుకుంది. దారాన్ని చూపుడువేలి మీదుగా పోనిచ్చి, కొంచెం లాగి, కొంచెం వదిలి, మళ్ళీ లాగింది. కొంగు జెండాలా కొట్టుకుంటోంది. ముడి విడిన నెరిసిన జుట్టు ముఖం మీద పడుతున్నా తీసుకోవడం లేదు. ఇన్నేళ్లలో అత్త ముఖం అంత తేలిగ్గా నేనెప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"అమ్మీ," అంది, కళ్లు ఆకాశం మీంచి తీయకుండా. "అవతల ఎవురో పట్టుకోని లాగుతాండారే!"

ఎంతసేపు ఎగరేసిందో తెలియదు. తర్వాత నాకు ఇచ్చింది. దారం వేలి మీద సన్నగా అదురుతుంటే, ఆమె చెప్పింది అర్థమైంది. అవతల నిజంగానే ఎవరో ఉన్నట్టుంది. కింద చీనీతోటలు గళ్లగళ్ల దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. దూరాన పాపఘ్ని ఇసుక తెల్లటి గీత. అతను వేలు చాపి ఒక గుట్ట చూపించాడు. దాని అవతలే గని అట. తాను తిరిగేది దాని కింద అట. అత్త కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ గుట్ట వైపు చాలాసేపు చూసింది.

"ఈడికి ఉత్త గుట్ట మాదిరే ఉండాది," అంది చివరికి. "లోపల మనుషులుండారంటే నమ్మబుద్ధి గాదు."

పులివెందుల వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. గాలిపటం దించి చుట్టుకునేలోగా చినుకులు మొదలయ్యాయి. ముగ్గురం గుడి ముందు రాతి మండపంలోకి పరుగెత్తాం. అత్త కటకటాల తలుపులోంచి లోపలికి తొంగిచూసి, "ఇంటోల్లు ల్యా," అని వచ్చి కూర్చుంది. డబ్బాలు విప్పాం. ఉగ్గాని చల్లారిపోయింది, అయినా అంత రుచిగా ఎప్పుడూ లేదు. అతను మొహమాటపడుతూ మొదలుపెట్టి, చెనిక్కాయల పొడి రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. సీతాఫలాలు అత్త చీల్చి పెట్టింది. ముగ్గురం మూడు వైపులకు విత్తనాలు ఉమ్ముతూ వాన చూశాం.

వాన వెలిశాక దిగడం మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు పొడిగా ఉన్న బండలు ఇప్పుడు సబ్బు పూసినట్టున్నాయి. వంక దగ్గరికి వచ్చేసరికి నా కాలు జారింది. కూర్చున్నపళంగా రెండు మెట్లు కిందికి పోయాను. ఎడమ చీలమండ మెలిక పడింది. ఎముక విరగలేదు కానీ చూస్తుండగానే వాచింది. అతను ఒక చేతి కింద, అత్త ఇంకో చేతి కింద పట్టుకుని కారు దాకా దించారు. మధ్యలో నేను బరువున్నానని ఇద్దరూ అనలేదు. అత్త మాత్రం, "కాలేజీలో కుర్చీ నుంచి లేస్తాండావా లేదా?" అని ఒక్కమాట అంది.

పల్లె దాకా అతను బండి మీద మాకు ముందు మెల్లగా సాగాడు. అంగడి దగ్గర అత్త కారు దిగి అతని దగ్గరికి పోయింది. "అప్పా, కడపకొస్తే ఇంటికి రా. మంచి నూలు మావాళ్లతో తెప్పించి పెడ్తా. పురి గట్టిగా ఉండేది. కూతుర్ని గూడా తోడుకోని రా. నవ్వితే నవ్వనీ."

అతను తల ఊపాడు. దారి చీలే చోట హారను కొట్టి తన దారిన వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది కడప దాకా నా ఎడమకాలు, క్లచ్చు. గేరు మార్చినప్పుడల్లా నా నోట "అమ్మా" అని వస్తోంది. అన్నప్పుడల్లా పక్క సీట్లోంచి అత్త "ఆఁ" అని పలుకుతోంది. వేంపల్లె దాటేదాకా నేను గమనించలేదు. గమనించాక నవ్వు ఆగలేదు. ఆ తర్వాత నొప్పి లేకపోయినా ఒకటి రెండుసార్లు అన్నాను. అత్త పలుకుతూనే ఉంది.

ఇంటికి చేరేసరికి మా ఆయన ప్రొద్దుటూరు నుంచి వచ్చేసి ఉన్నాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, అత్త ఆముదం వెచ్చజేసి తెచ్చింది. నా కాలు తన ఒడిలో పెట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆమె కాళ్లు పట్టిందే గానీ ఆమె నా కాలు ముట్టింది లేదు. వెనక్కి తీసుకోబోతే గట్టిగా పట్టుకుంది.

"కదలొద్దు. పోగు సరి చేసేటప్పుడు మగ్గం కదిలితే ఎట్ల?"

ఆమె బొటనవేలు వాపు చుట్టూ మెల్లగా, ఒకే వరసలో తిరుగుతోంది. గుమ్మంలో నిలబడి మా ఆయన అన్నీ చూస్తున్నాడు. కారు వెనక బురద, నా కాలి వాపు, వాళ్లమ్మ చిక్కుబడిన జుట్టు.

"చెప్తే వింటిరా? కారు కాలవలో పడెనంట, కాలు జారెనంట, గుడికేమో తాళం. ఏం జూసినారని పోయినారుమా మీరు?"

అత్త తల ఎత్తలేదు. "శానా చూసినాం లేరా. చెప్పేదానికి తెల్లారుతాది. ముందు ఆ పొయ్యి మీద పాలు పొంగుతాండాయేమో చూడుపో."

ఆయన వంటింట్లోకి పోయాడు. అత్త ఇంకొంచెం ఆముదం అరచేతిలో పోసుకుంది.

"నొప్పిగా ఉండాదా?"

"లేదత్తా."

"అయితే ఆ కాలు గూడా ఇట్లియ్యి," అంది.